‘బ్రీవియరీ’కి తెలుగు మాట ఏది? ఇటుకంత పుస్తకానికి ‘పొట్టిది’ అని పేరెందుకు?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. బ్రీవియరీ (లాటిన్‌లో బ్రెవియారియుమ్) అంటే కత్తోలిక ఫాదర్లు, సన్యాసులు రోజూ వేళవేళకు చదివే ప్రార్థనల పుస్తకం. కాస్త చెయ్యి అందించండి.

మా మేనత్త కన్యస్త్రీ, ఫ్రాన్సిస్ సభ. వాళ్ల మఠంలో రెండు బీరువాల పాత పుస్తకాలున్నాయి. ఒక్కోదానికి తెలుగులో ఒక కార్డు రాసిపెట్టమని నాకు అప్పజెప్పింది. నాకు లాటిన్ రాదు, నిఘంటువులు తిరగేసే రోగం మాత్రం ఉంది. మొదటి అరలోనే చిక్కుపడ్డాను. నల్ల తోలు అట్ట, కాగితాల అంచులకు ఎర్ర రంగు, నాలుగు సంపుటాలు. శీతకాల భాగం, వసంత భాగం, గ్రీష్మ భాగం, శరత్కాల భాగం. ఏ ఒక్కటీ చేత్తో ఎత్తి ఎక్కువసేపు పట్టుకునేలా లేదు. పేరు చూద్దును కదా, ‘బ్రెవియారియుమ్ రొమానుమ్’. లాటిన్‌లో ‘బ్రెవిస్’ అంటే పొట్టి, కురచ. అంటే ఇది ‘రోమా పొట్టి పుస్తకం’! నాలుగు సంపుటాల పొట్టి పుస్తకం!

ఆ పేరు వెనక కథ ఏమిటా అని వెతికితే మొదట తగిలినవాడు సెనెకా, దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ తత్వవేత్త. ఒక ఉత్తరంలో సణుగుతాడు: ‘ఇప్పుడు జనం బ్రెవియారియుమ్ అంటున్నదాన్ని, మనం సరైన లాటిన్ మాట్లాడే రోజుల్లో సుమ్మారియుమ్ అనేవాళ్లం’ అని. అప్పటికే భాష చెడిపోయిందని బాధపడేవాళ్లు ఉన్నారన్నమాట. మన గ్రూపులో ఉండాల్సినవాడు. ఆ రోజుల్లో ఈ మాటకు ప్రార్థనతో సంబంధం లేదు. పద్దుల సారాంశం, లెక్కల చిట్టా అనే అర్థం. అగస్టస్ చక్రవర్తి చనిపోతూ వదిలివెళ్లిన పత్రాల్లో సైన్యమెంత, ఖజానాలో ఎంత అని రాసిన చిట్టాను కూడా ఈ పేరుతోనే పిలిచారు.

ప్రార్థన పుస్తకానికి ఈ పేరు అతుక్కోవడం మధ్యయుగంలో జరిగింది. పాత మఠాల్లో సన్యాసులు కోవెలలో రెండు వరుసల్లో ఎదురెదురుగా నిలబడి, రోజుకు ఏడుసార్లు, మళ్లీ అర్ధరాత్రి లేచి ఒకసారి, కీర్తనలు పాడేవాళ్లు. ఈ లెక్కకు మూలం 119వ కీర్తన. రోజుకు ఏడుసార్లు నిన్ను స్తుతిస్తాను అనే మాటా, మధ్యరాత్రి లేస్తాను అనే మాటా రెండూ అందులోనే ఉన్నాయి. 6వ శతాబ్దంలో ఇటలీ సన్యాసి బెనెడిక్ట్ తన మఠ నియమావళిలో ఈ మాటల్నే చూపించి, 150 కీర్తనలూ వారంలో పూర్తికావాలని శాసించాడు. మన పెద్దలు ఒక్క రోజులో చదివినవాటిని చల్లబడిపోయిన మనం కనీసం వారంలోనైనా చదువుదాం అని ఒక దెబ్బ కూడా వేశాడు.

ఇదంతా పాడటానికి ఒక్క పుస్తకం చాలదు. కీర్తనలకు ఒకటి, పల్లవుల్లాంటి చిన్న పాదాలకు ఇంకొకటి, స్తోత్ర గీతాలకు వేరు, బైబిలు పఠనాలకు వేరు, పునీతుల చరిత్రలకు వేరు. అన్నీ పెద్ద పెద్ద చేతిరాత ప్రతులు. కోవెలలో మేజా మీద పెడితే నలుగురైదుగురు ఒకేసారి చూసి పాడుకునేంత పెద్ద అక్షరాలు. కదలని మనుషులకు కదలని పుస్తకాలు సరిపోయాయి. ఏ పూట ఏది పాడాలో క్లుప్తంగా చెప్పే పట్టికను మొదట ‘బ్రెవియారియుమ్’ అన్నారు. తర్వాత ఆ పట్టికలోకి అసలు పాఠాలే వచ్చి చేరాయి. అరంతా నిండే పుస్తకాలు ఒక్క అట్టలోకి వచ్చాయి. పేరు మాత్రం ‘పొట్టిది’ అనే మిగిలిపోయింది.

ఈ పుస్తకాన్ని లోకమంతా తిప్పినవాళ్లు ఫ్రాన్సిస్ సభవాళ్లు, అంటే అస్సీసి ఊరి ఫ్రాన్సిస్ మొదలుపెట్టిన సన్యాసుల సంఘం. వాళ్లు ఒకచోట ఉండే సన్యాసులు కాదు, ఊరూరా తిరిగేవాళ్లు. రోమ్‌లో పోపు కొలువులో పనుల ఒత్తిడి వల్ల అప్పటికే ప్రార్థనలను కుదించుకుని వాడుతున్నారు. ఆ కుదింపు వీళ్లకు చక్కగా పనికొచ్చింది. 1223లో పోపు ఆమోదించిన వాళ్ల నియమావళిలో మూడో అధ్యాయం తీస్తే ఈ మాటే కనిపిస్తుంది: గురువులు (ఫాదర్లు) రోమా శ్రీసభ, అంటే రోమ్ చర్చి, పద్ధతిలో ప్రార్థన చెయ్యాలి, అందుకోసం ‘బ్రెవియారియా’ ఉంచుకోవచ్చు అని. ఏదీ సొంతం చేసుకోకూడదని ఒట్టు పెట్టుకున్న సభ, పేరుపెట్టి మరీ అనుమతి ఇచ్చిన వస్తువు ఇది.

ఇక నా ప్రశ్న. తెలుగులో దీన్నేమనాలి? ‘ప్రార్థనా పుస్తకం’ అంటే ప్రతి ప్రార్థనా పుస్తకమూ అదే అవుతుంది. ‘క్లుప్త ప్రార్థన’ అంటే నాలుగు సంపుటాలు నన్ను చూసి నవ్వుతాయి. నాకు తోచింది ‘సంగ్రహం’. సంగ్రహించడం అంటే పోగుచెయ్యడం. సంగ్రహంగా చెప్పడం అంటే కుదించి చెప్పడం. బ్రీవియరీ చేసిన పని సరిగ్గా ఈ రెండూ కదా? మీరేమంటారు?

*

వ్యాఖ్య: అమ్మా, మాట కుదిరింది. గీతలో ‘తత్తే పదం సంగ్రహేణ ప్రవక్ష్యే’ అన్నచోట కుదింపు అర్థమే. అన్నంభట్టు తర్కసంగ్రహం పిల్లలు తర్కం మొదలుపెట్టే చిన్న పుస్తకం, అందులోనూ రెండు అర్థాలూ ఉన్నాయి. ఒక్క అభ్యంతరం. ఒట్టి ‘సంగ్రహం’ అంటే దేని సంగ్రహం? తర్కమా, వైద్యమా, వంటలా? ముందు ఇంకో మాట చేర్చక తప్పదు.

జవాబు: నిజమే మాస్టారూ. ఆ ‘ముందు మాట’ దగ్గరే రెండో చిక్కు. కింద ఎవరో దాని మీదే అడిగారు, అక్కడ రాస్తాను.

*

వ్యాఖ్య: అక్కా, చిన్న అనుమానం. ఇదంతా చదువొచ్చిన గురువుల సంగతి. ఆ రోజుల్లో ఫ్రాన్సిస్ వెంట నడిచినవాళ్లలో చదువురాని కూలీలు, రైతులు ఉండేవాళ్లు కదా. వాళ్లకు ఏ పుస్తకం?

జవాబు: తమ్ముడూ, మంచి ప్రశ్న. వాళ్లకు పుస్తకం లేదు, లెక్క ఉంది. అదే 1223 నియమావళిలో పక్కనే రాసి ఉంది. చదువురాని సహోదరులు కీర్తనలకు బదులు ‘పరలోక జపం’ (పరలోకమందున్న మా తండ్రీ అనే ప్రార్థన) చెప్పుకోవాలి. రాత్రి ప్రార్థనకు 24, తెల్లవారుజాము స్తుతికి 5, పగటి నాలుగు వేళలకు ఒక్కోదానికి 7, సాయంకాలానికి 12, పడుకోబోయే ముందు 7. కూడితే రోజుకు 76.

ఇన్ని లెక్కపెట్టాలంటే వేళ్లు చాలవు. ముడులు వేసిన తాడో, పూసల దండో కావాలి. 150 కీర్తనలకు బదులు 150 జపాలు అనే లెక్క కూడా చాలా మఠాల్లో ఉండేది. మనం జపమాల అంటున్నది ఆ దారిలో వచ్చిందే. మరియమ్మకు చెప్పే 150 మంగళవార్త జపాలకు ‘మరియమ్మ కీర్తనల గ్రంథం’ అనే పేరు అందుకే. ఇంగ్లీషులో పూసను ‘బీడ్’ అంటాం కదా, ఆ మాటకు మొదట అర్థం ప్రార్థన. ప్రార్థన పేరు పూసకు వచ్చింది. మన దగ్గర ఆ మాటకు అంత ప్రయాణం లేదు, ఉన్నదున్నట్టు ‘జపమాల’ అన్నారు.

ఫ్రాన్సిస్‌కు పుస్తకాల మీద ఒక భయం ఉండేది. ఆయన శిష్యులు చెప్పుకున్న కథ ఒకటి నాకు చాలా ఇష్టం. సభలో కొత్తగా చేరిన కుర్రాడు ఒక కీర్తనల పుస్తకం కావాలని ఆయన వెంటపడ్డాడు. ఫ్రాన్సిస్ అన్నాడట: ‘నీకు కీర్తనల పుస్తకం దొరికాక బ్రీవియరీ కావాలంటావు. బ్రీవియరీ దొరికాక పెద్ద బిషప్పులా కుర్చీలో కూర్చుని, పక్కవాడితో నా బ్రీవియరీ పట్రా అంటావు.’ అంతటితో ఆగలేదు. పొయ్యిలో బూడిద తీసి తల మీద రుద్దుకుంటూ ‘నేనే బ్రీవియరీ, నేనే బ్రీవియరీ’ అన్నాడట. ఇదే మనిషికి సొంత బ్రీవియరీ ఉండేది. ఇప్పటికీ అస్సీసిలో ఆయన శిష్యురాలు క్లారమ్మ పేరిట ఉన్న మఠంలో దాచి ఉంచారు. అందులో ఆయన వెంట ఉండే సహోదరుడు లియో రాసిన మాటలు కూడా ఉన్నాయి.

*

వ్యాఖ్య: మరి ఆడవాళ్లకో? మీ అత్తగారి పుస్తకం కాబట్టి అడుగుతున్నా.

జవాబు: క్లారమ్మ తన మఠానికి తానే నియమావళి రాసుకుంది. ఆమె కన్నుమూయడానికి రెండు రోజుల ముందు, 1253 ఆగస్టు 9న, పోపు ఆమోదం వచ్చింది. స్త్రీ రాసిన నియమావళికి అలా ఆమోదం రావడం అదే మొదలంటారు. అందులోనూ ఇదే మాట ఉంది: చదవగలిగిన సహోదరీలు బ్రీవియరీలు ఉంచుకోవచ్చు, పాట లేకుండా చదవాలి. చదువురానివాళ్లకు మళ్లీ పరలోక జపాల లెక్కే. తర్వాతి శతాబ్దాల్లో బడులు, ఆసుపత్రులు నడిపే కన్యస్త్రీల సభలు చాలావాటిలో పెద్ద బ్రీవియరీ బదులు మరియమ్మ చిన్న ప్రార్థనావళి వాడేవాళ్లు. మా అత్త సభలో చేరిన కొత్తలో పెద్ద సిస్టర్లకు అది కంఠతా వచ్చేదట. చీకట్లో కూడా చదివేవాళ్లు, కళ్లు మూసుకుని.

*

వ్యాఖ్య: నా ప్రశ్న ‘అవర్స్’ గురించి. ఇంగ్లీషులో దీన్ని ‘లిటర్జీ ఆఫ్ ది అవర్స్’ అంటున్నారు. తెలుగులో ‘గంటల ప్రార్థన’ అని ఎక్కడో చదివి, గంటల తరబడి చేసే ప్రార్థన అనుకున్నాను. ‘గడియల’ అనకూడదా?

జవాబు: రెండో చిక్కు ఇదే. లాటిన్‌లో ‘హోరా’. రోమన్ల లెక్కలో పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా 12 హోరాలు, వేసవిలో పొడుగు, చలికాలంలో కురచ. మఠాల్లో పగటి ప్రార్థనలకు వీటి పేర్లే: మొదటిది ప్రైమ్, మూడోది టెర్స్, ఆరోది సెక్స్ట్, తొమ్మిదోది నోన్. అంటే 3, 6, 9. మూడేసి హోరాలకు ఒక ప్రార్థన. మనకు మూడు గంటలు అంటే ఏమిటి? జాము! గడియ అంటే 24 నిమిషాలే కాబట్టి అది నప్పదు. రోమన్ల రాత్రికి కూడా నాలుగు కావళ్లు, మన రాత్రికి నాలుగు జాములు. పొద్దును బట్టి సాగడం, కురచ కావడం కూడా ఒకటే.

ఇది నా సొంత తెలివి కాదు. పాత తెలుగు బైబిలు అనువాదకులు ఎప్పుడో పట్టుకున్నారు. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలో పేతురు, వీళ్లు తాగలేదయ్యా, ఇంకా మూడో హోరానే అంటాడు. తెలుగులో ఏమని రాశారో చూడండి: ‘ప్రొద్దుబొడిచి జామయిన కాలేదు’. ఎంత తెలుగుగా ఉందో! మఠాల్లో మూడో హోరా ప్రార్థనకూ, ఆ రోజు పవిత్రాత్మ దిగిరావడానికీ సంబంధం చెబుతారు. ఆ వేళ పాడే స్తోత్రం కూడా ఆత్మను పిలిచేదే. మత్తయి సువార్తలో యేసు నీటి మీద నడిచి వచ్చింది ‘నాలుగవ జామున’. కానీ కార్యాలు మూడో అధ్యాయానికి వచ్చేసరికి అదే అనువాదంలో తొమ్మిదో హోరా ‘పగలు మూడు గంటలు’ అయిపోయింది. ఒకచోట జాము, ఇంకోచోట గడియారం.

నా ఓటు ‘జాముల ప్రార్థన’కు.

*

వ్యాఖ్య: హోరా అంటున్నారు. పంచాంగంలో శుక్ర హోర, గురు హోర అని ఉంటాయి కదా. ఇదీ అదీ ఒకటేనా, లేక మన వాట్సాప్ పండితుల లెక్కలా?

జవాబు: ఈసారి వాట్సాప్ కాదండీ, నిజంగానే ఒకటి. గ్రీకులో ‘హోరా’. అక్కడి నుంచి లాటిన్‌కు ఒక కొమ్మ వెళ్లింది, జ్యోతిషంతో పాటు సంస్కృతానికి ఇంకో కొమ్మ వచ్చింది. మాస్టారు మొదటి వ్యాఖ్యలో ఉన్నారు కాబట్టి వరాహమిహిరుడి మాట ఆయనే చెప్పాలి.

వ్యాఖ్య: చెబుతాను. బృహజ్జాతకం మొదటి అధ్యాయంలో ‘హోరేత్యహోరాత్ర వికల్పమేకే వాంఛంతి పూర్వాపర వర్ణలోపాత్’ అంటాడు. అహోరాత్రలో ముందు అక్షరం, చివరి అక్షరం తీసేస్తే హోరా అని కొందరు చెబుతారని. ‘ఏకే’ అంటే కొందరు. ఆ మాటలోనే ఆయన జాగ్రత్త కనిపిస్తుంది. పదం యవనుల (గ్రీకుల) నుంచి వచ్చిందన్నది ఇప్పుడు భాషావేత్తలంతా ఒప్పుకున్నదే.

జవాబు: వరాహమిహిరుడూ, బెనెడిక్టూ ఇద్దరిదీ 6వ శతాబ్దమే. ఆయన ఉజ్జయినిలో జాతకాలకు, ఈయన ఇటలీ కొండ మీద కీర్తనలకు, ఒకే మాటను వాడుకున్నారు. అయినా కార్డు మీద ‘హోరల ప్రార్థన’ అని రాస్తే మా అత్త మఠంలో నవగ్రహ పూజ మొదలైందనుకుంటారు. అది వద్దు.

*

వ్యాఖ్య: ‘గంట’ను అంత తేలిగ్గా తీసెయ్యకండి అక్కా. తెలుగులో గంట అంటే అరవై నిమిషాలూ, గుడిగంటా. మఠంలో ప్రార్థనకు పిలిచేదే గంట.

జవాబు: నేను చూడని కోణం ఇది. ఇంగ్లీషు ‘క్లాక్’ కూడా అచ్చంగా ఇలాంటిదే. మధ్యయుగ లాటిన్‌లో ‘క్లొక్కా’ అంటే మోగే గంట. ఫ్రెంచిలో ఆ మాట ఇప్పటికీ గంటే. ఇంగ్లీషులో మాత్రం గడియారమైంది. మోగే వస్తువు పేరు కాలానికి రావడం అక్కడా ఇక్కడా జరిగింది. కత్తోలిక ఊళ్లలో పెరిగినవాళ్లకు ‘త్రికాల జపం’ తెలుసు కదా, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గంట కొట్టగానే ఎక్కడివాళ్లక్కడ ఆగి చెప్పుకునేది. అక్కడ గంట అంటే రెండూ.

మాటలు కాలంలో జారిపోవడం గురించి ఒకటి చెప్పాలి. తొమ్మిదో హోరా ‘నోన్’ అంటే మధ్యాహ్నం మూడు. ఇంగ్లీషు ‘నూన్’ ఆ మాటే, కానీ అర్థం పన్నెండు. ఉపవాస రోజుల్లో నోన్ ప్రార్థన అయ్యాకే మఠంలో భోజనం పెట్టేవాళ్లు. ఆకలికి ప్రార్థనే మెల్లగా ముందుకు జరిగిందని చెబుతారు. నాకైతే నమ్మబుద్ధి అవుతుంది. ఆరో హోరా ‘సెక్స్తా’ స్పెయిన్‌లో ‘సియెస్తా’ అయ్యి మధ్యాహ్నం కునుకుగా మారింది. ప్రార్థన వేళల్లో ఒకటి అన్నానికీ, ఒకటి నిద్రకూ పోయాయి.

*

వ్యాఖ్య: అన్ని సభలకూ ఒకటే పుస్తకమా? డొమినిక్ సభవాళ్లకు వేరే ఉండేదని విన్నాను.

జవాబు: వేరే ఉండేది. వాళ్ల నాయకుడు హంబర్ట్ 1256లో సభ మొత్తానికి ఒకే పద్ధతి ఖాయం చేసి, 14 పుస్తకాల మూలప్రతి తయారుచేయించాడు. అది ఇప్పుడు రోమ్‌లో సాంతా సబీనాలో ఉంది. వాళ్ల పాత నిబంధనల్లో మన చర్చకు పనికొచ్చే మాట కూడా ఉంది. ప్రార్థనలను ‘బ్రెవితేర్ ఎత్ సుక్సింక్తే’, అంటే పొట్టిగా, బిగువుగా ముగించాలి. లేకపోతే భక్తి సడలుతుంది, చదువుకు అడ్డొస్తుంది అని. చదువుకుని ప్రసంగాలు చేసే సభ కదా! మళ్లీ అదే ‘బ్రెవిస్’. యేసుసభవాళ్లు (జెస్యూట్లు) 1540లో మొదలవుతూనే, కలిసి పాడే పద్ధతే వద్దు, ఎవరికి వాళ్లు విడిగా చదువుకుంటాం అన్నారు. వాళ్ల చేతికి వచ్చేసరికి అది పూర్తిగా ఒంటరి మనిషి పుస్తకమైంది.

1535లో ఫ్రాన్సిస్ సభకే చెందిన కార్డినల్ కిన్యోనెస్ బాగా తేలిక చేసిన బ్రీవియరీ ఒకటి తెచ్చాడు. పాడటానికి కాక చదువుకోవడానికే అన్నట్టు ఉండేది. జనం ఎగబడి కొన్నారు. పాత పద్ధతికి మరీ దూరమవడమే దాని తప్పయింది. 1568లో పోపు ఐదో పయస్ దాన్ని రద్దు చేసి, అందరికీ ఒకటే రోమా బ్రీవియరీ అన్నాడు. అయితే 200 ఏళ్లకు పైబడిన సొంత పద్ధతి ఉన్నవాళ్లు ఉంచుకోవచ్చన్నాడు. డొమినిక్, బెనెడిక్ట్, కార్తూసియన్ సభల పుస్తకాలు అలా బతికాయి. వయసు చూపిస్తే మినహాయింపు, మన పాత కట్టడాల రూలు లాగా.

1911లో పదో పయస్ కీర్తనల వరుస మార్చాడు. 1960ల్లో జరిగిన రెండో వాటికన్ సభ (కత్తోలిక బిషప్పుల మహాసభ) ‘ప్రైమ్’ను తీసేసింది. 1971లో వచ్చిన కొత్త పుస్తకం 150 కీర్తనలను నాలుగు వారాలకు పంచింది, కొన్నింటినీ కొన్ని చరణాలనూ వదిలేసి. ఒక రోజు, తర్వాత ఒక వారం, ఇప్పుడు నాలుగు వారాలు. బెనెడిక్ట్ ఉంటే ఏ మాట అనేవాడో! ఇంకో తమాషా, ప్రార్థన నిజంగా పొట్టిదైన ఆ రోజునే పుస్తకం పేరులోంచి ‘బ్రెవియారియుమ్’ పోయింది. ‘లితుర్జియా హోరారుమ్’ అని పెట్టారు. అదీ నాలుగు సంపుటాలే.

*

వ్యాఖ్య: ఇన్ని పేర్లెందుకండీ, మా ఊళ్లో ఫాదర్లు ‘ఆఫీసు చదవాలి’ అని లేచి వెళ్లేవాళ్లు. చిన్నప్పుడు నేను గవర్నమెంటు ఆఫీసు ఫైళ్లనుకునేవాణ్ణి.

జవాబు: హహ్హ! ‘ఒఫీసియుమ్’ అంటే విధి, చెయ్యవలసిన పని. మనం పొద్దున్నే పరుగెత్తే ఆఫీసూ ఆ మాటే. ‘నిత్యవిధి’ అంటే అర్థం చక్కగా సరిపోతుంది కానీ, పుస్తకం పేరుగా ఎవరికీ తెలియదు.

*

చివరి మాట, పోస్టు రాసిన నా నుంచే. మాస్టారి సవరణా, జాముల వాదమూ కలిపి ‘రోమా జాముల ప్రార్థనా సంగ్రహము, శీతకాల భాగము’ అని తేల్చి నిన్న మఠానికి వెళ్లాను. కార్డు అరచేతిలో సగం కూడా లేదు. శీతకాలం దాకా వచ్చేసరికి చోటు అయిపోయింది. అత్త కళ్లజోడు సర్దుకుని చదివి, ‘ఇది మా ఆఫీసు పుస్తకమే కదే?’ అంది. వెనక వైపు పెన్సిలుతో ‘ఆఫీసు – చలికాలం’ అని తనే రాసి బీరువాలో పెట్టేసింది. మిగతా మూడూ నా దగ్గరే ఉన్నాయి. ఇంకా పొట్టి మాట ఎవరికైనా తడితే ఆదివారంలోగా చెప్పండి.